లినక్స్‌లో ఫోల్డర్లకు దానంతటదే నడిచే బ్యాకప్: డిస్క్ సిద్ధం చేయడం నుంచి ఫైల్ తిరిగి తీసేదాకా

2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లో కమాండ్ కొట్టి, అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తుడిచేశారు. ఆపేసరికి సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్ ఉందిగా అని వెతికితే, అది చేరాల్సిన చోట ఏమీ లేదు. రోజువారీ బ్యాకప్ వెర్షన్ల తేడా వల్ల విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లనేమో అందుకునే వైపు తిరస్కరిస్తున్నారు. చివరికి ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన ఒక కాపీ ఆదుకుంది. ఇదంతా ఆ సంస్థే తన నివేదికలో బయటపెట్టింది.

ఇంట్లో ఉన్న ఒక్క డెస్క్‌టాప్‌కైనా ఇదే ప్రమాదం. షెడ్యూల్ పెట్టడం పది నిమిషాల పని. అది ఏదో ఒకరోజు చప్పుడు లేకుండా ఆగిపోతే మీకు తెలిసేలా పెట్టడమే అసలు పని. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాం. ఉదాహరణకు ఉబుంటు లేదా లినక్స్ మింట్ ఉన్న కంప్యూటర్, అందులో 60 జీబీ దాకా పత్రాలు, ఫోటోలు, లెక్కలు, పక్కన 1 టీబీ యూఎస్‌బీ డిస్క్ ఉన్నాయనుకుందాం. కమాండ్ల పేర్లు, మెనూ మాటలు ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే.

ఏ ప్రోగ్రామ్, ఎందుకు

మింట్ వాడేవారు చాలామంది "టైమ్‌షిఫ్ట్ ఉందిగా" అంటారు. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ కోసం. అప్‌డేట్ వికటిస్తే వెనక్కి వెళ్లడానికి అది చక్కగా పనికొస్తుంది. కానీ మీ హోం ఫోల్డర్‌ను అది మామూలుగా ముట్టుకోదు. పిల్లల ఫోటోలు పోయాక టైమ్‌షిఫ్ట్ తెరిస్తే అందులో కనిపించేవి సిస్టమ్ ఫైళ్లే. గూగుల్ డ్రైవ్ లాంటి సింక్ కూడా బ్యాకప్ కాదు. ఇక్కడ తుడిచేస్తే అక్కడా తుడుచుకుపోతుంది.

ఫోల్డర్ల బ్యాకప్‌కు మేం సూచించేది బ్యాక్ ఇన్ టైమ్. దాని అడుగున పనిచేసేవి రెండూ పాత, నమ్మకమైన పరికరాలే. కాపీ చేసేది ఆర్‌సింక్, ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ కలిసి 1996లో విడుదల చేసిన ప్రోగ్రామ్. సమయానికి లేపేది క్రాన్. బ్యాక్ ఇన్ టైమ్ ఈ రెండింటికీ ఒక విండో తగిలిస్తుంది, అంతే. ఇందులో గొప్ప లాభం ఇంకొకటుంది. బ్యాకప్ మామూలు ఫోల్డర్లు, మామూలు ఫైళ్లుగానే ఉంటుంది. రేపు ఈ ప్రోగ్రామ్ లేకపోయినా, డిస్క్‌ను మరో లినక్స్ కంప్యూటర్‌కు తగిలించి ఫైల్ మేనేజర్‌తో తెరుచుకోవచ్చు.

డిస్క్‌ను ముందు ఎక్స్‌టీ4 చేయండి

కొత్త యూఎస్‌బీ డిస్కులు ఎక్కువగా ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి. అలాగే వాడితే ఇబ్బంది, లినక్స్ సొంత ఫార్మాట్ అయిన ఎక్స్‌టీ4 కావాలి. మారని ఫైల్‌ను మళ్లీ కాపీ చేయకుండా, పాత కాపీకే ఇంకో పేరు తగిలించడాన్ని హార్డ్ లింక్ అంటారు. మొత్తం పద్ధతి దానిమీదే నిలబడింది. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లలో హార్డ్ లింక్ లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్నా, ఫైల్ ఎవరిది, ఎవరు తెరవొచ్చు అనే లినక్స్ వివరాలు సరిగా నిలవవు.

1. డిస్క్‌లో ఏమైనా ఉంటే వేరేచోటికి తీసుకోండి. ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి.
2. "డిస్క్స్" అనే అప్లికేషన్ తెరిచి, ఎడమవైపు జాబితాలో యూఎస్‌బీ డిస్క్‌ను ఎంచుకోండి. సైజు, కంపెనీ పేరు రెండుసార్లు సరిచూసుకోండి. ఇక్కడ పొరపడితే కంప్యూటర్‌లోని అసలు డిస్కే పోతుంది.
3. ఫార్మాట్ పార్టిషన్‌లో ఎక్స్‌టీ4 ఎంచుకోండి. దొంగతనం భయం ఉంటే, అంటే డిస్క్ ఇల్లు దాటి వెళ్తుందంటే, పక్కనే ఉన్న లక్స్ పాస్‌వర్డ్ టిక్ కూడా పెట్టండి. లక్స్ అంటే డిస్క్ మొత్తానికీ తాళం వేసే ఎన్‌క్రిప్షన్.
4. పేరు అడిగితే చిన్నగా, ఖాళీలు లేకుండా, మరే డిస్క్‌కూ లేని పేరు ఇవ్వండి. ఈ పేరుతోనే డిస్క్ మౌంట్ అవుతుంది, అంటే ఫైళ్లు అందేలా తెరుచుకుంటుంది. పేరు మారితే షెడ్యూల్ దారి తప్పుతుంది.

ఫార్మాట్ అయ్యాక ఆ డిస్క్‌లో ఒక ఖాళీ ఫోల్డర్ సృష్టించి చూడండి. "అనుమతి లేదు" అని వస్తే డిస్క్ రూట్ పేరున, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్ పేరున ఉందన్నమాట. యజమానిని మార్చే చోన్ కమాండ్‌తో, రూట్ అధికారం ఇచ్చే సుడో ద్వారా దాన్ని మీ యూజర్ పేరుకు మార్చాలి. ఇంకొక చిన్న లాభం: ఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటును రూట్ కోసం పక్కన పెడుతుంది. 1 టీబీలో అది 50 జీబీ. బ్యాకప్ డిస్క్‌కు అంత అక్కర్లేదు. ట్యూన్‌2ఎఫ్‌ఎస్ కమాండ్‌కు హైఫన్ ఎమ్, పక్కన 1 ఇస్తే ఒక శాతానికి తగ్గుతుంది.

ఎన్‌క్‌ఎఫ్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ మోడ్ బ్యాక్ ఇన్ టైమ్‌లో కనిపించొచ్చు. దాని జోలికి వెళ్లకండి. అందులోని భద్రతా లోపాలు 2014లోనే బయటపడ్డాయి. లక్స్ చాలు.

ఇన్‌స్టాల్, మొదటి ప్రొఫైల్

సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో బ్యాక్ ఇన్ టైమ్ అని వెతికితే దొరుకుతుంది. టెర్మినల్ అలవాటున్నవారు ఆప్ట్ కమాండ్‌తో పెట్టుకోవచ్చు. విండో ఉన్న ప్యాకేజీ పేరు చివర హైఫన్, క్యూటీ ఉంటుంది. కామన్ అని ఉన్నది ఒక్కటే పెడితే కమాండ్ మాత్రమే వస్తుంది, విండో రాదు.

మెనూలో రెండు గుర్తులు వస్తాయి: ఒకటి మామూలుది, ఒకటి రూట్‌ది. మీ హోం ఫోల్డర్‌కు మామూలుదే చాలు. రూట్‌ది ఈటీసీ, వార్ లాంటి సిస్టమ్ ఫోల్డర్లకు. రెండింటి సెట్టింగులూ వేరువేరు. ఒకదాంట్లో పెట్టిన ప్రొఫైల్ మరొకదాంట్లో కనబడదు. "పెట్టింది మాయమైంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

మొదటిసారి తెరవగానే మేనేజ్ ప్రొఫైల్స్ విండో వస్తుంది. వెర్షన్‌ను బట్టి ట్యాబ్‌ల పేర్లలో ఒకటి రెండు మాటలు తేడా ఉండొచ్చు. జనరల్ ట్యాబ్‌లో మోడ్ "లోకల్" ఉంచి, బ్యాకప్ చేరాల్సిన చోటుగా యూఎస్‌బీ డిస్క్‌ను చూపించండి. దానిలో ప్రోగ్రామే బ్యాక్‌ఇన్‌టైమ్ అనే ఫోల్డర్, దానిలో కంప్యూటర్ పేరు, దానిలో యూజర్ పేరు, దానిలో ప్రొఫైల్ నంబరు, ఇలా వరస కడుతుంది. ఒకే డిస్క్‌లో రెండు కంప్యూటర్ల బ్యాకప్ పెట్టినా కలిసిపోకపోవడానికి కారణం ఈ వరసే.

ఏది చేర్చాలి, ఏది వదలాలి

ఇంక్లూడ్ ట్యాబ్‌లో మొత్తం హోం ఫోల్డర్ ఇవ్వడమే మేలు. ఫోల్డర్లు ఏరి ఏరి ఇస్తే, ఆరు నెలల తర్వాత కొత్తగా సృష్టించిన ఫోల్డర్ జాబితాలో లేదని మీకు గుర్తుండదు. అన్నీ చేర్చి, అక్కర్లేనివి తీసేయండి.

ఎక్స్‌క్లూడ్ ట్యాబ్‌లో ముందే కొన్ని ఉంటాయి: క్యాష్, చెత్తబుట్ట, థంబ్‌నెయిల్స్ వగైరా. ఆ జాబితాను ఒకసారి పైనుంచి కిందకు చదవండి. అందులో, పేరులో చుక్క, దాని వెంటే బ్యాకప్ అనే ఇంగ్లీషు మాట ఉన్న ఫైళ్లన్నిటినీ వదిలేసే నమూనా ఒకటుంది. కొన్ని లెక్కల ప్రోగ్రాములు, ఫోన్ యాప్‌లు తమ డేటాను సరిగ్గా అలాంటి పేరుతోనే దాస్తాయి. మీకు అలాంటివి ఉంటే ఆ వరసను తీసేయాలి, లేదంటే ఏళ్లతరబడి బ్యాకప్ నడిచినా ఆ ఒక్క ఫైల్ ఎప్పటికీ చేరదు.

ఈ వదిలేసే జాబితాకు మీరు చేర్చాల్సినవి: డౌన్‌లోడ్స్‌లోని ఐఎస్ఓ ఫైళ్లు, స్టీమ్ ఆటలు, మళ్లీ దించుకోగలిగే సినిమాలు, వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే నడిచే మరో కంప్యూటర్) డిస్కులు. ఈ చివరిదాని సంగతి కాస్త వివరంగా చూడాలి.

హార్డ్ లింక్ ఫైల్ మొత్తానికి ఒకటిగా పనిచేస్తుంది. ఫైల్ మారలేదంటే చోటు ఖర్చు సున్నా. ఒక్క బైటు మారినా మొత్తం ఫైల్ కొత్తగా రాయాలి. 60 జీబీ ఫోల్డర్‌లో రోజుకు 300 ఎంబీ మారుతుంటే, 30 రోజుల తర్వాత డిస్క్‌లో ఉండేది 30 ఇంటూ 60 జీబీ కాదు. 60, దాని మీద 9, మొత్తం 69 జీబీ. కానీ 20 జీబీ వర్చువల్ మెషీన్‌ను రోజూ తెరిచి మూస్తే, అదొక్కటే నెలకు 600 జీబీ తింటుంది.

థండర్‌బర్డ్ మెయిల్‌దీ ఇదే కథ. మామూలు అమరికలో ఇన్‌బాక్స్ మొత్తం ఒకే ఫైల్. ఇన్‌బాక్స్ 4 జీబీ ఉంటే, ఒక్క మెయిల్ వచ్చిన రోజు కూడా 4 జీబీ కొత్తగా రాస్తుంది. పాత మెయిళ్లను ఏడాదివారీ ఆర్కైవ్ ఫోల్డర్లలోకి జరిపితే అవి కదలకుండా ఉంటాయి, ఇన్‌బాక్స్ ఒక్కటే చిన్నగా మారుతుంటుంది. ఫోటోల విషయంలో ఈ బెంగ లేదు, అవి ఒకసారి చేరితే మారవు.

నడుస్తున్న డేటాబేస్‌ను, అంటే మైఎస్‌క్యూఎల్ లాంటివాటి ఫైళ్లను నేరుగా కాపీ చేస్తే సగం పాతది, సగం కొత్తది అయ్యే ప్రమాదం ఉంది. ముందు డంప్ తీసి, అంటే డేటా మొత్తాన్ని ఒక ఫైల్‌గా రాయించి, ఆ డంప్ ఫైల్‌ను బ్యాకప్ చేయాలి.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టేవారికి ఒక మాట. లినక్స్‌లో ఫైల్ పేరుకు పరిమితి 255. అది అక్షరాలు కాదు, బైట్లు. యూనికోడ్ తెలుగులో ప్రతి అక్షర భాగానికీ, గుడికీ పొల్లుకూ కూడా, 3 బైట్లు. "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అంటే 72 బైట్లు. దాని పక్కన "పదో తరగతి మార్కుల జాబితా 2024" చేర్చి పీడీఎఫ్‌గా దాస్తే 148. మామూలు ఎక్స్‌టీ4 డిస్క్‌లో ఇది హాయిగా పడుతుంది. కానీ హోం ఫోల్డర్ ఎన్‌క్రిప్షన్‌కు వాడే ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌లో పరిమితి 143 మాత్రమే. బ్యాకప్ చేరే చోటు అలాంటిదైతే ఆ ఫైల్ దగ్గర "పేరు మరీ పొడవు" అనే తప్పు వస్తుంది, ఆ ఒక్క ఫైల్ చేరదు. తిరిగి తీసేటప్పుడైనా అంతే. లక్స్‌తో ఈ ఇబ్బంది లేదు, అది ఫైల్ పేర్లను ముట్టుకోదు.

ఎప్పుడు నడవాలి

జనరల్ ట్యాబ్ కిందే షెడ్యూల్ ఉంటుంది. సర్వర్ల కోసం రాసిన సలహాలు చదివి చాలామంది రాత్రి రెండు గంటలు పెడతారు. సర్వర్ ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. మన కంప్యూటర్‌ను రాత్రి పది గంటలకే ఆపేస్తాం. క్రాన్‌కు దాటిపోయిన సమయం గుర్తుండదు. రెండు గంటలకు కంప్యూటర్ ఆగి ఉంటే ఆ రోజు బ్యాకప్ లేదు, ఎవరూ చెప్పరు కూడా. ఇలాగే ఏడాదిపాటు ఒక్క బ్యాకప్ కూడా లేని "రోజువారీ బ్యాకప్"లు ఉంటాయి.

మీకు పనికొచ్చే ఎంపికలు మూడు.

"ఎవ్రీ డే": రోజూ ఒక నిర్ణీత గంటకు. ఆఫీసు కంప్యూటర్‌కు మధ్యాహ్నం 13 గంటలు బాగుంటుంది. అందరూ భోజనానికి లేస్తారు, కంప్యూటర్ మాత్రం నడుస్తూ ఉంటుంది. కరెంటు పోయే వేళలు తెలిసిన ఊళ్లో దాన్ని బట్టి గంట మార్చుకోండి.

"రిపీటెడ్లీ", పక్కన అనాక్రాన్ అని ఉండేది: ఇంటి కంప్యూటర్లకు, ల్యాప్‌టాప్‌లకు ఇదే సరైనది. ఒక రోజు అని పెడితే, క్రాన్ పావుగంటకోసారి లేచి "చివరి బ్యాకప్ అయ్యి ఒక రోజు దాటిందా" అని చూస్తుంది. దాటితే నడుపుతుంది. కంప్యూటర్‌ను పొద్దున తెరిచినా రాత్రి తెరిచినా ఆ రోజు పని జరిగిపోతుంది.

"వెన్ డ్రైవ్ గెట్స్ కనెక్టెడ్", పక్కన యూడెవ్ అని ఉండేది: డిస్క్‌ను బీరువాలో పెట్టి వారానికోసారి తీసేవారికి. డిస్క్ తగిలించగానే బ్యాకప్ మొదలవుతుంది. ఈ సెట్టింగ్ దాచే (సేవ్ చేసే) సమయంలో డిస్క్ తగిలించి ఉండాలి, దాని గుర్తింపు సంఖ్య అప్పుడే రాసుకుంటుంది. డిస్క్‌ను మళ్లీ ఫార్మాట్ చేస్తే ఆ సంఖ్య మారుతుంది, ప్రొఫైల్ మళ్లీ దాచాలి.

ఓకే కొట్టాక నిజంగా షెడ్యూల్ పడిందో లేదో చూడండి. టెర్మినల్‌లో క్రాన్‌ట్యాబ్, ఖాళీ, హైఫన్ ఎల్ కొడితే మీ వరసలు కనిపిస్తాయి. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టిన వరస మొదట్లో ఇలా ఉంటుంది:

0 13 * * *

ఎడమ నుంచి నిమిషం, గంట, తేదీ, నెల, వారం. నక్షత్రం అంటే ఏదైనా సరే అని. అనాక్రాన్ పద్ధతి పెడితే మొదట */15 ఉంటుంది. ఆ వరసకు పైన బ్యాక్ ఇన్ టైమ్ తన గుర్తుగా ఒక వ్యాఖ్య రాసుకుంటుంది. దాన్ని గానీ, దాని కింది వరసను గానీ చేత్తో మార్చకండి. మరోసారి సెట్టింగ్ దాచినప్పుడు మీ మార్పు పోతుంది. మీ సొంత వరస వేరే రాసుకునేవారు ఒక మెలిక గుర్తుంచుకోవాలి. 0 13 1 * 1 అని రాస్తే "ఒకటో తేదీ సోమవారం అయితేనే" అని అర్థం కాదు. ప్రతి ఒకటో తేదీ, దానితోపాటు ప్రతి సోమవారం కూడా నడుస్తుంది.

అమెరికాలో, యూరప్‌లో ఉన్నవారు రాత్రి ఒంటిగంట, మూడు మధ్య ఏమీ పెట్టకండి. ఏడాదికి రెండుసార్లు గడియారం జరిపే రోజున ఆ గంట ఉండదు, లేదా రెండుసార్లు వస్తుంది. మన దేశంలో ఆ గొడవ లేదు. ఇక్కడి పాత డెస్క్‌టాప్‌లకు ఇంకో గొడవ ఉంది. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే, ఇంటర్నెట్ అందేదాకా కంప్యూటర్ పాత తేదీలోనే ఉంటుంది. బ్యాకప్‌లకు పేర్లు తేదీతోనే పడతాయి, పాతవి తీసేసేదీ తేదీ చూసే. ఆ బ్యాటరీ మార్చాకే షెడ్యూల్ పెట్టండి.

పాతవి తీసేయడం

ఆటో రిమూవ్ ట్యాబ్‌లో స్మార్ట్ రిమూవ్ టిక్ పెట్టండి. దాని మామూలు అంకెలు బాగానే ఉన్నాయి: చివరి 2 రోజుల్లోవి అన్నీ, 7 రోజులకు రోజుకొకటి, 4 వారాలకు వారానికొకటి, 24 నెలలకు నెలకొకటి. మొత్తం దాదాపు 35 కాపీలతో రెండేళ్ల వెనక్కి వెళ్లగలరు.

ఖాళీ చోటు 1 జీబీ కన్నా తగ్గితే పాతవి తీసేయమనే సెట్టింగును మాత్రం మార్చండి. 1 జీబీ మిగిలేదాకా ఆగితే తర్వాతి బ్యాకప్ మధ్యలో డిస్క్ నిండుతుంది. 1 టీబీ డిస్క్‌కు 50 జీబీ పెట్టండి. దీనికి ఇంకో వైపు ఉంది. ఎవరైనా పొరపాటున హోంలో 400 జీబీ వీడియోలు పడేస్తే, వాటికి చోటు కోసం మీ పాత కాపీలు ఒక్కొక్కటే పోతాయి. ఎప్పటికీ పోకూడని కాపీకి, ఉదాహరణకు మార్చి 31 లెక్కలు ముగించిన రోజుదానికి, ఒక పేరు పెట్టండి. పేరున్నవాటిని తీసేయవద్దనే టిక్ అక్కడే ఉంటుంది.

ఐనోడ్‌ల సెట్టింగ్ ఎందుకని అడిగేవారికి: ఐనోడ్ అంటే ప్రతి ఫైల్‌కూ, ఫోల్డర్‌కూ డిస్క్‌లో ఖర్చయ్యే ఒక నమోదు. ఫైళ్లకు హార్డ్ లింక్ ఉంటుంది గానీ ఫోల్డర్లకు ఉండదు. ప్రతి కాపీలోనూ ఫోల్డర్లన్నీ కొత్తగా పుడతాయి. 1 టీబీ ఎక్స్‌టీ4లో దాదాపు 6 కోట్ల ఐనోడ్‌లు ఉంటాయి కాబట్టి ఇంటి వాడకంలో ఇది తగలదు. 2 శాతం అలాగే ఉంచండి.

ఆప్షన్స్‌లో చూడాల్సిన రెండు టిక్‌లు

"బ్యాటరీ మీద ఉన్నప్పుడు వద్దు" అనేది ల్యాప్‌టాప్‌ను ఎప్పుడూ చార్జర్ లేకుండా వాడేవారికి ఉచ్చు. బ్యాకప్ ఒక్కసారీ నడవదు. వాడకం చూసి నిర్ణయించుకోండి.

రెండోది, మార్పులున్నా లేకున్నా కొత్త స్నాప్‌షాట్, అంటే కొత్త కాపీ, తీయమనేది. దీన్ని పెట్టండి. లేదంటే ఏమీ మారని రోజుల్లో కొత్త కాపీ పుట్టదు. అప్పుడు చివరి తేదీ పాతగా కనిపిస్తే, అది ఆగిపోయిందా, మార్పుల్లేక ఊరుకుందా అన్నది తేల్చలేరు.

మొదటి బ్యాకప్

దీన్ని షెడ్యూల్‌కు వదలకండి. ముందు కూర్చుని చేత్తో నడపండి. డిస్క్‌ను నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుకు పెట్టండి. పెద్ద ఫైళ్లయితే 60 జీబీ పావుగంటలో అయిపోవచ్చు. లక్షల చిన్న ఫైళ్లుంటే గంట దాటినా ఆశ్చర్యం లేదు. పాత యూఎస్‌బీ 2 పోర్టులో సెకనుకు 30, 35 ఎంబీకి మించదు.

మధ్యలో కరెంటు పోతే కంగారు పడకండి. సగంలో ఉన్నది న్యూ స్నాప్‌షాట్ అనే పేరుతో ఉండిపోతుంది, తర్వాతిసారి అక్కడినుంచే కొనసాగుతుంది. పూర్తయ్యాకే తేదీ, గంటలతో అసలు పేరు పడుతుంది. ఆ ఫోల్డర్ లోపల బ్యాకప్ అనే ఫోల్డర్‌లో మీ హోం యథాతథంగా కనిపిస్తుంది.

అక్కడున్న ఫైళ్లను తెరిచి చూడండి గానీ మార్చి దాచకండి. హార్డ్ లింక్ అంటే 35 పేర్లున్న ఒకే ఫైల్. ఒక కాపీలో మారిస్తే అన్ని కాపీల్లోనూ మారుతుంది. ప్రోగ్రామ్ అందుకే రాసే అనుమతి తీసేస్తుంది. రూట్‌గా వెళ్లి దాన్ని దాటకండి.

ఆగిపోతే తెలిసేదెలా

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, పెట్టి మరిచిపోయిన షెడ్యూలే ముంచుతుంది. క్రాన్ తాను నడిపిన పనుల మాటలను మెయిల్‌లో పంపాలని చూస్తుంది. ఇంటి కంప్యూటర్లలో మెయిల్ పంపే ప్రోగ్రామ్ ఉండదు. అప్పుడు "ఎంటీఏ లేదు, అవుట్‌పుట్ పారేస్తున్నాను" అని జర్నల్ అనే సిస్టమ్ లాగ్‌లో ఒక ముక్క రాసి ఊరుకుంటుంది. ఎంటీఏ అంటే ఆ మెయిల్ పంపే ప్రోగ్రామే.

ఎక్కువగా ఎదురయ్యే వైఫల్యాలు ఇవి.

డిస్క్ తగిలించి లేదు. బ్యాక్ ఇన్ టైమ్ అర నిమిషం ఆగి చూసి, బ్యాకప్ ఫోల్డర్ కనబడలేదని రాసి వెళ్లిపోతుంది. ఇది ఫర్వాలేదు. మీరు రూట్‌గా సొంత స్క్రిప్ట్ రాసి నడిపితే మాత్రం ఘోరం జరగొచ్చు. డిస్క్ లేకపోయినా ఆ దారిలో ఫోల్డర్‌ను సృష్టించి, కంప్యూటర్ సొంత డిస్క్‌లోనే 60 జీబీ పోస్తుంది. సిస్టమ్ డిస్క్ నిండి లాగిన్ కూడా కాకపోవచ్చు. పైగా తర్వాత అసలు డిస్క్ తగిలిస్తే ఆ పేరు అప్పటికే ఉంది కాబట్టి చివర 1 చేర్చి మౌంట్ అవుతుంది. ప్రొఫైల్ మాత్రం పాత పేరు దగ్గరే వెతుకుతుంటుంది. మీడియా ఫోల్డర్‌లో ఒకే పేరు రెండుసార్లు, ఒకదాని చివర 1 కనిపిస్తే కారణం ఇదేనని అనుమానించండి. సొంత స్క్రిప్టులో మొదటి పని మౌంట్‌పాయింట్ కమాండ్‌తో డిస్క్ ఉందో లేదో చూడటం కావాలి.

లక్స్ డిస్క్ తెరిచి లేదు. క్రాన్‌కు మీ పాస్‌వర్డ్ తెలియదు. లాగిన్ అయ్యాక డిస్క్‌ను తెరిచేది మీరే. పాస్‌వర్డ్‌ను గుర్తుంచుకోమని డెస్క్‌టాప్‌కు చెప్పొచ్చు.

కాపీ జరిగింది గానీ తప్పులతో. జాబితాలో ఆ తేదీ పక్కన "విత్ ఎర్రర్స్" అని ఉంటుంది. లాగ్ తెరిచి ఎర్రర్స్ మాత్రమే వడగట్టి చూడండి. ఆర్‌సింక్ సంఖ్యలు ఇలా చదవాలి. 24 అంటే కాపీ చేస్తుండగా కొన్ని ఫైళ్లు మాయమయ్యాయి. బ్రౌజర్ తెరిచి ఉంటే మామూలే, పట్టించుకోనక్కర్లేదు. 23 అంటే కొన్ని ఫైళ్లు చేరలేదు. అనుమతి లేకనో, పేరు పొడవయ్యో, మూలంలోని డిస్క్ చెడిపోతున్నందుకో. ఏ ఫైళ్లో తప్పకుండా చూడాలి. 11 అంటే రాయడంలో లోపం, ఎక్కువగా డిస్క్ నిండడం. ఒకే ఫైల్ దగ్గర రోజూ చదవడంలో తప్పు వస్తుంటే బ్యాకప్‌ను కాదు, కంప్యూటర్ డిస్క్‌ను అనుమానించి, డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ పరీక్ష చేయండి.

వీటిని మీ దృష్టికి తేవడానికి యూజర్ కాల్‌బ్యాక్ అనే సదుపాయం ఉంది. సెట్టింగుల ఫోల్డర్‌లో ఆ పేరుతో ఒక స్క్రిప్ట్ పెడితే, ప్రతి దశలోనూ ప్రోగ్రామ్ దాన్ని పిలుస్తుంది. మూడో ఆర్గ్యుమెంట్‌లో వచ్చే అంకె దశను చెబుతుంది: 1 మొదలు, 2 ముగింపు, 3 కొత్త కాపీ పుట్టింది, 4 తప్పు. డేటాబేస్ డంప్ తీయాలంటే 1 దగ్గర, మీకు సందేశం పంపాలంటే 4 దగ్గర. స్క్రిప్ట్‌కు నడిచే అనుమతి ఇవ్వడం మరవకండి, లేకపోతే అది ఉన్నా లేనట్టే.

కానీ అసలు నడవనే నడవని బ్యాకప్ ఏ తప్పునూ పంపలేదు. అందుకని తలకిందులుగా కట్టండి. 3 వచ్చిన ప్రతిసారీ స్క్రిప్ట్ హెల్త్‌చెక్స్ లాంటి సేవకు ఒక చిన్న పలకరింపు పంపాలి. రెండు రోజులపాటు పలకరింపు అందకపోతే ఆ సేవే మీకు మెయిల్ పంపుతుంది. ఇంత అక్కర్లేదనుకుంటే, ఫోన్ క్యాలెండర్‌లో ప్రతి సోమవారం ఒక గుర్తు పెట్టుకుని, డిస్క్‌లో చివరి ఫోల్డర్ తేదీ చూడండి. పది సెకన్ల పని.

తిరిగి తీసి చూడటం

మొదటి వారం చివర, తర్వాత మూడు నెలలకోసారి, మూడు ఫైళ్లు ఎంచుకోండి: బాగా పాతది ఒకటి, నిన్న మార్చింది ఒకటి, తెలుగు పేరున్నది ఒకటి. రిస్టోర్ మెనూలో "రిస్టోర్ టు" ఎంచుకుని వేరే ఫోల్డర్‌లోకి తీయండి. ఉత్త "రిస్టోర్" నొక్కితే అసలు ఫైల్ మీదే రాస్తుంది. తీశాక తెరిచి చూడండి, పాతదాన్ని అసలు ఫైల్‌తో డిఫ్ కమాండ్‌తో పోల్చండి. ఏమీ రాకపోతే రెండూ ఒకటే.

ఏడాదికి ఒకసారైనా డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి చూడండి. అక్కడ ఫోల్డర్ తెరుచుకోకపోతే కారణం యూజర్ సంఖ్య. మొదటి యూజర్‌కు ఉబుంటులో, మింట్‌లో 1000 వస్తుంది కాబట్టి ఎక్కువసార్లు సరిపోతుంది. మీ పాత సంఖ్య 1001 అయి, కొత్త కంప్యూటర్‌లో 1000 అయితే అనుమతి లేదంటుంది. డిస్క్ మీద యజమానిని మార్చకండి. రూట్ పేరుతో తెరిచి, ఫైళ్లను కొత్త హోంలోకి కాపీ చేసి, ఆ కాపీలకే చోన్ చేయండి. బ్యాక్ ఇన్ టైమ్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేశాక మొదటిసారి తెరిచినప్పుడు, పాత సెట్టింగులను డిస్క్ నుంచి తెచ్చుకోమంటారా అని అది అడుగుతుంది. అవునంటే ప్రొఫైళ్లు తిరిగొస్తాయి. షెడ్యూల్ మాత్రం మళ్లీ క్రాన్‌ట్యాబ్‌లో పడిందో లేదో పైన చెప్పినట్టు చూసుకోండి.

ఎప్పుడూ తగిలించి ఉంచే డిస్క్ ఒక్కటే ఉంటే, పిడుగు పడినా, దొంగ వచ్చినా రెండూ కలిసే పోతాయి. రెండో డిస్క్ కొని, దానికి వేరే పేరుతో వేరే ప్రొఫైల్ పెట్టి, షెడ్యూల్‌ను యూడెవ్ చేయండి. నెలకోసారి తెచ్చి తగిలించి, పని అయ్యాక ఎజెక్ట్ కొట్టి, దీపం ఆగాక పీకి, బంధువుల ఇంట్లో ఉంచండి. డిస్క్ ఇల్లు దాటుతోంది కాబట్టి లక్స్ తప్పనిసరి. తగిలించగానే పాస్‌వర్డ్ ఇచ్చి తెరవాలి, లేకపోతే యూడెవ్ పని మొదలుపెట్టి ఫోల్డర్ దొరక్క వెనుదిరుగుతుంది. ఆ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి డిస్క్ లేని చోట, ఇంట్లో ఇంకొకరికి తెలిసేలా ఉంచండి.